డిప్రెషన్ మాత్రలు మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది?



మన సంఘాలు చేసే సాయాల్లో మందుల సాయం పాతదే. బి.పి., షుగర్, ఆస్తమా అని చీటీ పట్టుకొచ్చినవారికి మన దాతలు లేదనరు. ఈమధ్య ఆ చీటీల్లో మరికొన్ని పేర్లు కూడా కనిపిస్తున్నాయి. ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్. ఇవి డిప్రెషన్‌కు, అదుపు తప్పిన ఆందోళనకు డాక్టర్లు రాసే మాత్రలు. షుగర్ చీటీ ఇచ్చేవారు అందరి ముందూ ఇస్తారు. ఈ చీటీ ఇచ్చేవారు మాత్రం నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. తీసుకునేవారు కూడా మొహమాటపడి ఎక్కువ అడగరు. అడగకపోవడం మర్యాదే గానీ, దాని వల్ల ఒక ముఖ్యమైన సంగతి మన చూపు దాటిపోతోంది.

ఈ మాత్రలు మంచివా, చెడ్డవా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. అవి వేసుకుని లేచి తిరిగినవారు, మళ్లీ వంట చేసుకున్నవారు, పిల్లల్ని బడికి పంపుకున్నవారు ఎందరో ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆగిపోతే శరీరంలో ఏం జరుగుతుంది, ఇంట్లోవాళ్లు దాన్ని ఏమని పొరబడతారు, అందులో దాతల చేతిలో ఉన్నదేమిటి అన్నది మాత్రమే. నేను డాక్టరును కాను, పాఠాలు చెప్పుకునేదాన్ని. కాబట్టి ఇది చదివి ఎవరూ తమ మోతాదు తామే మార్చుకోకూడదు. ఆ పని డాక్టరుదే.

నాలుగో రోజు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఊహే అయినా, మనకు తెలియని ఇల్లు కాదు. ముప్ఫై అయిదేళ్ల ఇల్లాలు, కుట్టుమిషను మీద సంసారం. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఏడాది కిందట నిద్రలేదు, తిండిలేదు, మిషను మీద గుడ్డ కప్పేసి గోడకేసి చూస్తూ కూర్చునేది. డాక్టరు ఎసిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశాడు. రెండు నెలలకు తేరుకుంది. రంజాన్‌లో ఒక దాత జకాత్ సొమ్ముతో మూడు నెలల మందులు ఇప్పించాడు. ఆ మూడు నెలలూ అయిపోయాయి. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, మళ్లీ ఎవరి గుమ్మం ఎక్కను" అనుకుని ఊరుకుంది.

మొదటి రోజు ఏమీ కాదు. రెండో రోజు కాస్త తల తిరుగుతుంది. మూడో రోజు జ్వరం రాకుండానే జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు. నాలుగో రోజు కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. వాంతి వచ్చినట్టుంటుంది. రాత్రి నిద్రలో ఎప్పుడూ రాని భయంకరమైన కలలు. పొద్దున పిల్లాడు గ్లాసు కింద పడేస్తే అరిచేసి, ఆ వెంటనే తనే ఏడుస్తుంది.

అత్తగారు చూసి, "ఎవరిదో నజర్ తగిలిందమ్మా, ఆమిల్ సాహెబ్ దగ్గరికి పోదాం పద" అంటుంది. భర్త ఫోన్‌లో, "నేను ముందే చెప్పాను, అవి మత్తు మాత్రలు, అలవాటు పడిపోయావు. ఇక ముట్టుకోవద్దు" అంటాడు. పక్కింటి భాబీ, "జబ్బు తిరగబెట్టింది, ఇక జన్మంతా ఇంతే" అని నిట్టూరుస్తుంది. ముగ్గురూ ఆమె మంచి కోరేవారే. ముగ్గురి మాటా తప్పే. ఆమెకు సోకినది గాలీ కాదు, వ్యసనమూ కాదు, జబ్బు తిరగబెట్టడం కూడా కాకపోవచ్చు. అలవాటైన మందు ఒక్కసారిగా అందకపోయేసరికి శరీరం పడుతున్న అవస్థ అది. ఇంగ్లీషులో దీన్ని విత్‌డ్రాయల్ అంటారు. మన దగ్గర ఆ మాట తాగుడు మానినవారి విషయంలోనే వినిపిస్తుంది కనుక వినగానే చెడుగా తోస్తుంది. "మందు మానినప్పటి బాధలు" అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఎందుకిలా జరుగుతుంది?

మెదడులో ఒక నరం నుంచి మరో నరానికి కబురు చేరవేసే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. ఒక నరం దాన్ని విడుదల చేస్తుంది, పని కాగానే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. పైన చెప్పిన మాత్రలు ఆ పీల్చుకునే దారిని మూస్తాయి. దాంతో నరాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ మెదడు ఈ కొత్త పరిస్థితికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. ఇప్పుడు మందు ఆగిపోయింది. రక్తంలోంచి మందు కొన్ని రోజుల్లోనే వెళ్లిపోతుంది, కానీ మెదడు చేసుకున్న సర్దుబాటు అంత త్వరగా పోదు. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చినవారికి కాసేపు ఏమీ కనపడదు చూడండి, అలాంటిదే ఇది. గదిలో లోపం లేదు, కళ్లలోనూ లోపం లేదు. కళ్లకు కావలసిన వ్యవధి ఇవ్వలేదంతే.

ఇది ఈ ఒక్క రకం మందుకే ఉన్న గుణం కాదు. గుండె దడకు, బి.పి.కి వాడే అటెనొలాల్ వంటి మాత్రలు ఒక్కసారిగా ఆపితే దడ, బి.పి. పైకెగరవచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లను ఏ డాక్టరూ ఒక్క రోజులో ఆపించడు. అటెనొలాల్ వాడేవారిని మనం వ్యసనపరులని అనం. వ్యసనమంటే దాని కోసం ప్రాణం లాగడం, మోతాదు రోజురోజుకీ పెంచుకుంటూ పోవడం, దాని కోసం ఇల్లు గుల్ల చేసుకోవడం. డిప్రెషన్ మాత్రలతో ఇవి జరగవు. ఎవరూ వాటి కోసం తహతహలాడరు. పైగా ఎప్పుడు మానేద్దామా అనే చూస్తారు.

వైద్యులకూ ఇది కొత్త సంగతి కాదు. 1957లో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటును తగ్గిస్తోందని ప్రకటించాడు. మరో రెండేళ్లకే, 1959లో, ఆ మందు ఆపినవారికి కలిగే బాధల గురించి వైద్య పత్రికల్లో రాశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రకం మందుల్లో బాగా పేరు పడ్డ ఫ్లూఆక్సెటిన్‌కు అమెరికాలో 1987 చివర అనుమతి వచ్చింది. 1996లో దాన్ని తయారుచేసిన ఎలీ లిల్లీ కంపెనీ ఖర్చుతో నిపుణుల సమావేశం ఒకటి జరిగింది. ఈ బాధలను విత్‌డ్రాయల్ అనకుండా డిస్‌కంటిన్యుయేషన్ అనే మెత్తని మాటతో పిలవడం అక్కడి నుంచి బలపడింది. పేరు మెత్తబడితే బాధ మెత్తబడదు కదా. అయినా చాలా ఏళ్లు పుస్తకాల్లో ఇది స్వల్పమైనదనీ, వారంలో దానంతటదే పోతుందనీ రాస్తూ వచ్చారు. బ్రిటన్‌లో డాక్టర్లకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2019లో ఆ మాట సవరించుకుంది. కొందరికి బాధలు తీవ్రంగా ఉండవచ్చనీ, చాలాకాలం సాగవచ్చనీ ఒప్పుకుంది.

అందరికీ వస్తుందా?

రాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. లేకపోతే ఇది చదివి భయపడి, కావలసినవారు కూడా మందు మొదలుపెట్టరు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో 79 అధ్యయనాలను, సుమారు 21 వేల మందిని కలిపి లెక్క చూసిన పరిశోధన వచ్చింది. అసలు మందు ఆపినవారిలో నూటికి 31 మందికి ఏదో ఒక బాధ కలిగింది. విశేషమేమిటంటే మందులేని ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో కూడా నూటికి 17 మంది అవే బాధలు చెప్పారు. అంటే భయం వల్లా, మామూలు ఒంటి నలత వల్లా కలిగేవి కొన్ని ఉన్నాయి. తేడా తీసి చూస్తే మందు ఆపడం వల్లనే బాధపడేవారు ఆరేడుగురిలో ఒకరు. తీవ్రంగా బాధపడేవారు సుమారు 35 మందిలో ఒకరు. ఈ లెక్కను ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. అందులోని అధ్యయనాల్లో చాలామంది మందు వాడింది కొద్ది కాలమేననీ, ఏళ్ల తరబడి వాడినవారిలో బాధలు ఇంతకంటే ఎక్కువనీ వారి వాదన. ఎక్కువకాలం వాడినవారికి, ఎక్కువ మోతాదు వాడినవారికి ఎక్కువ జాగ్రత్త కావాలన్న దగ్గర ఇరుపక్షాలకూ పెద్ద పేచీ లేదు.

ఏ మందు అన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. 1998లో 242 మందితో చేసిన ఒక పరిశోధనలో అయిదు నుంచి ఎనిమిది రోజులు మందు ఆపి చూశారు. పారాక్సెటిన్ వాడేవారిలో 66 శాతం, సెర్ట్రలిన్ వాడేవారిలో 60 శాతం బాధపడితే, ఫ్లూఆక్సెటిన్ వాడేవారిలో 14 శాతమే బాధపడ్డారు. (ఈ పరిశోధన ఖర్చు కూడా ఫ్లూఆక్సెటిన్ కంపెనీదే. ఫలితం నిజమే గానీ, ఎవరి డబ్బో తెలుసుకోవడం మంచిది.) కారణం సులువు. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా, వారాల తరబడి బయటికి పోతుంది. అంటే తనంతట తానే మెల్లగా తగ్గుతుంది. వెన్లాఫాక్సిన్ గంటల్లో తగ్గిపోతుంది కనుక ఒక్క పూట మరిచినా కొందరికి తెలిసిపోతుంది.

జబ్బు తిరగబెట్టడానికీ, దీనికీ తేడా

ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది. మందు మానిన బాధలు సాధారణంగా కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి. జబ్బు తిరగబెట్టేటప్పుడు వారాల మీద, నెలల మీద మెల్లగా కమ్ముకుంటుంది. మందు మానిన బాధల్లో జబ్బులో ఎన్నడూ లేని కొత్తవి కనిపిస్తాయి. తలలో జిల్లుమనడం, తూలిపోవడం, వికారం, చేతుల్లో తిమ్మిర్లు, అతి స్పష్టమైన పీడకలలు ఇలాంటివి. ఏడుపు, చిరాకు, ఆందోళన మాత్రం రెండింటిలోనూ ఉంటాయి, చిక్కంతా అక్కడే. మరో గుర్తు ఏమిటంటే, డాక్టరు మళ్లీ అదే మందు ఇస్తే మానిన బాధలు ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. అసలు జబ్బు అంత త్వరగా తగ్గదు, దానికి వారాలు పడుతుంది.

అయితే జబ్బు తిరగబెట్టడం కూడా జరుగుతుంది, దాన్ని దాచకూడదు. బ్రిటన్‌లో చాలాకాలంగా ఈ మందులు వాడుతూ బాగానే ఉన్న 478 మందితో ఒక పరిశోధన జరిగింది, 2021లో ఫలితాలు వచ్చాయి. మందు కొనసాగించినవారిలో ఏడాదిలో 39 శాతం మందికి, నెమ్మదిగా మాన్పించినవారిలో 56 శాతం మందికి జబ్బు తిరిగి వచ్చింది. అంటే మానినవారిలో నూటికి 44 మంది ఏడాదంతా బాగానే ఉన్నారు. కొనసాగించినవారికీ పూర్తి భరోసా లేదు. అందుకే "ఎప్పుడు మానాలి" అన్నది ఎవరికి వారు వంటింట్లో నిలబడి తేల్చుకునేది కాదు. మొదటిసారి జబ్బు చేసినవారు కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడాలని, పదేపదే వచ్చేవారు రెండేళ్లయినా వాడాలని సాధారణంగా వైద్యులు చెబుతారు.

మనవాళ్లు ఎందుకు ఆపుతారు?

పుస్తకాల్లో లేనిదీ, మనకు బాగా తెలిసినదీ ఈ భాగమే.

మొదటిది డబ్బు. ఒక్కసారిగా ఆపడం ఒక రకం. అంతకంటే ఎక్కువ కనిపించే రకం మరొకటి ఉంది. మందుల షాపులో "అన్నా, ఓ నాలుగు గోలీలు కట్ చేసివ్వు" అని స్ట్రిప్ కత్తిరించి కొంటారు. నాలుగు రోజులు వేసుకుంటారు. కూలి డబ్బు వచ్చేదాకా మూడు రోజులు ఆగుతారు. మళ్లీ నాలుగు. ఇలా నెలకు రెండు మూడుసార్లు శరీరం మందు ఎక్కుతూ, దిగుతూ ఉంటుంది. ప్రతిసారీ తల తిరుగుతుంది, ఏడుపొస్తుంది. చివరికి "ఈ మందు నాకు పడటం లేదు" అంటారు. మందు పడకపోవడం కాదు, మందు అందకపోవడం.

రెండోది పెళ్లి సంబంధాలు. చూడటానికి వస్తున్నారనగానే తల్లి ఆ మాత్రల డబ్బా బీరువాలో దాచేస్తుంది. నిఖా అయ్యాక అత్తవారింటికి ఆ డబ్బా వెళ్లదు. కొత్త కోడలు మొదటి వారంలోనే వాంతులు, తల తిరుగుడు, ఏడుపు అంటే ఆ ఇంట్లో ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. నెల తప్పిన సంగతి తెలియగానే భయపడి ఆ రోజే ఆపేసేవారూ ఉన్నారు. గర్భిణులకు ఏ మందు ఉంచాలి, ఏది మార్చాలి, ఎలా తగ్గించాలి అని చూసే పద్ధతులు డాక్టర్లకు ఉన్నాయి. ఆ ఒక్క ఫోను చేయకుండా ఆపడమే ప్రమాదం.

మూడోది ప్రయాణం. మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లేవారు మందులు పట్టుకుపోతే విమానాశ్రయంలో ఆపేస్తారని విని, ఇక్కడే పారేసి ఎక్కుతారు. ఆ దేశాల్లో కొన్ని మందులకు ముందుగా అనుమతి కావాలన్నది నిజం, ముఖ్యంగా నిద్రకు, ఆందోళనకు వాడే రకాలకు. డాక్టరు చీటీ, ఉత్తరం దగ్గర పెట్టుకుని, ఆ దేశపు నిబంధన చూసుకుని వెళ్లాలి. ఎడారిలో కొత్త పని, కొత్త యజమాని, ఆ మొదటి వారంలోనే ఈ బాధలు మొదలైతే ఆ మనిషికి చెప్పుకునే దిక్కు ఎవరు?

మందు వల్ల కలిగే ఇబ్బందులు కూడా ఒక కారణం. మగత, బరువు పెరగడం, దాంపత్య సుఖం తగ్గడం. చివరిది మగవాళ్లు, ఆడవాళ్లు ఎవరూ డాక్టరుకు చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెబితే మోతాదో, మందో మార్చే వీలుంటుంది.

ఇక రంజాన్. ఉపవాసం ఉండాలన్న ఆశతో షాబాన్ చివర్లోనే మాత్రలు ఆపేసేవారు మనలో ఉన్నారు. రోగులకు ఉపవాసం నుంచి సడలింపు ఉందని ఖుర్ఆన్‌లోనే ఉంది. చాలామందికి ఆ సడలింపు అవసరం కూడా పడదు. రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్రను సహరీకో, ఇఫ్తార్ తర్వాతకో మార్చుకోవచ్చు. రెండుపూటలా వేసుకునేవారు, వీటితోపాటు లిథియం వంటివి వాడేవారు మాత్రం నెల ముందే డాక్టరును అడగాలి. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం. మన ఇమామ్ సాహెబ్‌లు షాబాన్ ఆఖరి జుమాలో ఈ ఒక్క మాట చెబితే ఎన్నో ఇళ్లకు మేలు. జబ్బుకు చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే. దువాకూ, మందుకూ మధ్య పోటీ పెట్టింది మనమే. వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటినీ ఒకే గ్రంథంలో పెట్టి రాశాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం కనపడకుండా వచ్చే దిగులు వేరు, రెండోదానికి శరీరంలో మూలముందని వివరించాడు. అది మన వారసత్వమే.

రెండు మందులున్న ఒక మాత్ర

ఇక్కడ ఒక హెచ్చరిక. మన దేశంలో ఎసిటలోప్రామ్‌తో క్లోనజెపామ్ అనే మరో మందు కలిపిన మాత్రలు చాలా అమ్ముడవుతాయి. వేసుకునేవారు ఒకటే మాత్ర అనుకుంటారు. క్లోనజెపామ్ రకం వేరు, దానికి అలవాటు పడే గుణం నిజంగానే ఉంది. ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో రెండు పేర్లు ఉన్నాయేమో ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోవాలి. రెండు పేర్లుంటే ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు.

ఎలా దించాలి?

టీ కథ చెబితే మా పిల్లలకు కూడా అర్థమైంది. చక్కెర లేని టీలో మొదటి చెంచా వేస్తే రుచి పూర్తిగా మారిపోతుంది. రెండో చెంచాకు ఇంకొంచెం. నాలుగో చెంచా వేశామో లేదో నాలుకకు పెద్దగా తెలియదు. ఇప్పుడు వెనక్కి రండి. నాలుగు నుంచి మూడుకు తగ్గిస్తే ఎవరూ గమనించరు. ఒకటి నుంచి సున్నాకు వస్తేనే గ్లాసు పక్కన పెట్టేస్తారు.

ఈ మాత్రలూ అలాగే పనిచేస్తాయని మెదడు స్కాన్ల ఆధారంగా తేలింది. సిటలోప్రామ్ అనే మందు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే సెరటోనిన్ పీల్చుకునే దారుల్లో సుమారు 80 శాతం మూసుకుంటాయి. దాన్ని 9 మిల్లీగ్రాములకు దించినా 70 శాతం మూసే ఉంటాయి. మూడున్నర మిల్లీగ్రాముల దగ్గర కూడా సగం మూసుకునే ఉంటాయి. అంటే "సగం చేశాను, బాగానే ఉంది, ఇక పూర్తిగా మానేస్తాను" అన్నవారు తగ్గించింది కొంచెమే, మిగిలిన పెద్ద మెట్టు ఒక్కసారిగా దూకుతున్నారు. 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు ఈ లెక్కతోనే, చివరికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న మెట్లు వేయాలని రాశారు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ కూడా 2020లో రోగుల కోసం ఇలాంటి సలహాలతో కరపత్రం తెచ్చింది. కొందరికి వారాల్లో పూర్తవుతుంది. ఏళ్ల తరబడి వాడినవారికి నెలలు పట్టవచ్చు. ఒక మెట్టు దిగి, రెండు నుంచి నాలుగు వారాలు చూసి, ఒళ్లు సర్దుకున్నాకే తర్వాతి మెట్టు. బాధ ఎక్కువైతే మళ్లీ పై మెట్టుకు వెళ్లడంలో ఓటమి లేదు.

మన దగ్గర "రోజు విడిచి రోజు వేసుకో" అనే సలహా బాగా వాడుకలో ఉంది. ఫ్లూఆక్సెటిన్ లాంటి నెమ్మది మందుకు పరవాలేదు గానీ, త్వరగా దిగిపోయే మందులకు ఇది మంచిది కాదు. ఒక రోజు ఎక్కడం, ఒక రోజు దిగడం అవుతుంది. రోజూ వేసుకుంటూ కొంచెం తక్కువ వేసుకోవడమే సరైన దారి. చిక్కేమిటంటే అంత చిన్న మాత్రలు ఉండవు. ఎసిటలోప్రామ్‌లో మామూలుగా దొరికే చిన్న మాత్ర 5 మిల్లీగ్రాములు, దాన్ని సగం చేస్తే రెండున్నర. అంతకంటే కిందికి వెళ్లాలంటే ద్రవ రూపం కావాలి, అది అన్ని ఊళ్లలో దొరకదు. లోపల గుళికలుండే వెన్లాఫాక్సిన్ గొట్టాల్లాంటివి నలపకూడదు, నమలకూడదు. నెదర్లాండ్స్‌లో ఈ అవసరం కోసమే రోజుకొక చిన్న సంచి చొప్పున, నెలకు సరిపడా క్రమంగా తగ్గే మోతాదులతో పట్టీలు తయారుచేసి ఇస్తున్నారు. మనకు ఆ సౌకర్యం లేదు. ఉన్నదానితోనే, డాక్టరు, మందుల షాపు ఫార్మసిస్టు కలిసి సర్దాలి.

దాతలకు ఒక లెక్క

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 80 మందికి పైగా ఎలాంటి చికిత్సా అందడం లేదు. కాబట్టి చీటీ పట్టుకుని మన దాకా వచ్చినవారు ఎన్నో గుమ్మాలు దాటి, ఎన్నో మాటలు పడి వచ్చినవారని గుర్తించాలి. అలాంటివారికి ఒక నెల మందు ఇచ్చి వదిలేస్తే, మేలు చేయబోయి వారిని నాలుగో రోజు అవస్థలోకి నెట్టినవాళ్లమవుతాం. మన జకాత్ ఏడాదికోసారి, అదీ ఎక్కువగా రంజాన్‌లో వస్తుంది. మాత్ర రోజూ కావాలి. ఈ రెండు క్యాలెండర్లూ కలవకపోవడమే అసలు సమస్య. మందు మొదలుపెట్టించడం ఎంత దానమో, దాన్ని మెల్లగా దించే కాలానికి తోడుండటం కూడా అంతే దానం.

కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ ఆసుపత్రి వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో నడిచేది. అందులో మానసిక రోగులకు వేరే విభాగం ఉండేది. కోలుకుని వెళ్లేవారికి వెంటనే పనికి పరిగెత్తనక్కర్లేకుండా కొంత డబ్బు, బట్టలు ఇచ్చి పంపేవారని చరిత్రకారులు రాశారు. ఆసుపత్రి గడప దాటాక కూడా ఖర్చుంటుందని ఆనాటి దాతలకు తెలుసు.

మన స్థాయిలో చేయదగినవి చెబుతాను. ఈ రకం చీటీ వచ్చినప్పుడు ఎన్ని నెలలుగా వాడుతున్నారో, డాక్టరు ఇంకెన్నాళ్లు వాడమన్నారో రెండు ప్రశ్నలే అడగాలి. జబ్బు కథ అడగనక్కర్లేదు. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చే దాత, ఒక్కరి ఏడాది మందును, పైన మూడు నాలుగు నెలల దించే కాలాన్ని, ఆ మధ్య డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చే ఆటో ఛార్జీలను కలిపి భరించడం పదిమందికి నెల నెల మందు ఇవ్వడం కంటే మేలని నా అభిప్రాయం. దీనికి కొందరు ఒప్పుకోకపోవచ్చు. పదిమందిని కాదనడం ఎలా అంటారు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఎసిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ వంటివి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రిలో ఉంటే ఉచితంగా, జన్ ఔషధి కేంద్రాల్లో బ్రాండు ధరకంటే బాగా తక్కువకు దొరుకుతాయి. ఆ దారి పట్టిస్తే అదే డబ్బు మరికొందరికి సరిపోతుంది. కాకపోతే కొన్నిచోట్ల స్టాకు ఉండదు, అలాంటి వారంలో ఆదుకోవడానికి సంఘం దగ్గర కొంత నిల్వ సొమ్ము ఉండాలి.

ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అంటే అది మందు మానిన బాధా, జబ్బా అని మనం తేల్చబోకూడదు. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు అయిపోయి తల తిరుగుతోంది, డాక్టరు ఊళ్లో లేడు అన్నప్పుడు కూడా ఆ నంబరు పనికొస్తుంది.

ఇక మన కార్యకర్తల్లో ఒక చెల్లెలు, ఒక తమ్ముడు ఈ పని మీద వేసుకుంటే చాలు. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు దాటాక ఆ ఇంటికి ఒక ఫోను. "ఎలా ఉన్నావు ఆపా" అని పలకరించి, "ఇంకా ఎన్ని గోలీలు మిగిలాయి?" అని అడగాలి. అయిదు కంటే తక్కువంటే ఆ రోజే మందు పంపాలి.